తాబేలు చలినిద్రకు సన్నాహం: ఖాళీ కడుపు, నిండు మూత్రాశయం, 5 డిగ్రీల చలి

బ్రిటన్‌లో అక్టోబరు సగం గడిచేసరికి పగలు కుంచించుకుపోతుంది. ఎండలో వేడి తగ్గుతుంది. వేసవి అంతా తోటలో ఆకులు తింటూ తిరిగిన పెంపుడు తాబేలు మందగిస్తుంది. తిండి మీద ఆసక్తి తగ్గుతుంది. పొద్దెక్కేదాకా గూటిలోంచి బయటకు రాదు. వచ్చినా ఓ మూల చేరి నేలను గోళ్లతో తవ్వుతూ ఉంటుంది. అది శీతాకాల సుప్తావస్థకు సిద్ధమవుతోందని పెంచేవాళ్లకు అర్థమవుతుంది. సుప్తావస్థలోకి వెళ్లాక రెండు మూడు నెలలు అది తినదు, తాగదు, దాదాపు కదలదు. ఆ తర్వాత ఆరోగ్యంగా లేచి నడుస్తుందా లేదా అన్నది చాలావరకు నిద్రకు ముందు జరిగిన ఏర్పాట్ల మీద ఆధారపడి ఉంటుంది.

ఆ ఏర్పాట్ల సారం మూడు మాటలు. తాబేలు కడుపు ఖాళీగా ఉండాలి, మూత్రాశయం నీటితో నిండి ఉండాలి, చుట్టూ ఉన్న చలి హెచ్చుతగ్గులు లేకుండా ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, నిద్రపోతున్నట్టే కనిపించే తాబేలు లోలోపల చనిపోతూ ఉండవచ్చు. అసలు సుప్తావస్థలో దాని శరీరంలో ఏం జరుగుతుందో తెలిస్తే ఈ మూడు నియమాలు ఎందుకో తెలుస్తుంది.

గిల్బర్ట్ వైట్ గమనించిన టిమోతీ

తాబేలు చలినిద్రను ఓపికగా గమనించి రాసిపెట్టిన తొలితరం ప్రకృతి పరిశీలకుల్లో గిల్బర్ట్ వైట్ ఒకరు. ఇంగ్లండ్‌లోని సెల్బోర్న్ గ్రామానికి చెందిన ఈ మతాధికారి 1789లో ప్రచురించిన ‘సెల్బోర్న్ ప్రకృతి చరిత్ర’ ఈనాటికీ చదివే పుస్తకం. ఆయన మేనత్త పెంచుకున్న టిమోతీ అనే మధ్యధరా ప్రాంతపు తాబేలు, ఆమె మరణించాక 1780లో ఆయన తోటకు చేరింది. అది నవంబరు మధ్యలో మట్టిలోకి దిగి ఏప్రిల్ మధ్యలో బయటకు వస్తుందని వైట్ నమోదు చేశారు. మట్టిని ఎంత నిదానంగా తవ్వుతుందో, వానకు ఎలా ముడుచుకుంటుందో కూడా రాశారు. తక్కెడలో వేసి తూకం కూడా చూశారు. టిమోతీ ఆడ తాబేలని ఆయన పోయాకగానీ తెలియలేదు. దాని డిప్ప ఇప్పుడు లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

టిమోతీ అన్నేళ్లు బతికింది కాబట్టి ఇంగ్లండ్ చలి తాబేళ్లకు పడుతుందని అనుకోవడం సరికాదు. మధ్యధరా తీరంలో చలికాలం పొట్టిది. అక్కడి తాబేళ్లు చాలాచోట్ల రెండు నుంచి నాలుగు నెలలే నేలలో దాక్కుంటాయి. ఇంగ్లండ్‌లో చలి అయిదారు నెలలు సాగుతుంది. ఇరవయ్యో శతాబ్దంలో మధ్యధరా దేశాల నుంచి లక్షల సంఖ్యలో తాబేళ్లను బ్రిటన్‌కు తెచ్చి అమ్మారు. వాటిని గడ్డి నింపిన పెట్టెలో పెట్టి, తోటలోని షెడ్డులో వదిలేసి, వసంతం వచ్చాక తీసి చూడటమే అప్పటి అలవాటు. కొత్తగా వచ్చినవాటిలో ఎన్నో తొలి చలికాలం దాటలేదు. అడవుల్లో ఈ తాబేళ్లు తరిగిపోతుండటంతో 1984 నుంచి వాటి వ్యాపార దిగుమతిని యూరోపియన్ ఆర్థిక సమాజం ఆపేసింది. ఉన్నవాటిని జాగ్రత్తగా కాపాడుకోవాల్సిన అవసరం ఏర్పడింది. ఇవాళ పాటిస్తున్న పద్ధతులు ఆ తర్వాత పశువైద్యులు, పెంపకందార్లు కలిసి మెరుగుపరిచినవే.

ఇది నిద్ర అవునా?

లద్దాఖ్ పీఠభూమిలో కనిపించే మార్మోట్ కూడా చలికాలమంతా బొరియలో గడుపుతుంది. అయితే అది క్షీరదం. చలి మితిమీరినప్పుడు ఒంట్లోని కొవ్వును కరిగించి సొంతంగా వేడి పుట్టించుకోగలదు. మధ్యమధ్యలో శరీరాన్ని మామూలు వేడికి తెచ్చుకుని మళ్లీ చల్లబడుతుంది. తాబేలుకు ఆ సౌకర్యం లేదు. చుట్టూ ఎంత వేడి ఉంటే దాని ఒంట్లోనూ అంతే. అందుకే సరీసృపాల చలినిద్రను కొందరు శాస్త్రవేత్తలు ‘బ్రూమేషన్’ అని వేరే పేరుతో పిలుస్తారు.

ఉష్ణోగ్రత తగ్గేకొద్దీ శరీరంలోని రసాయన చర్యలు నెమ్మదిస్తాయి. సాధారణంగా 10 డిగ్రీల సెల్సియస్ తగ్గితే జీవక్రియల వేగం సగానికి గానీ మూడో వంతుకు గానీ పడిపోతుంది. 25 డిగ్రీల దగ్గర చురుగ్గా ఉండే తాబేలు 5 డిగ్రీలకు చేరేసరికి దాని ఖర్చు చాలా స్వల్పం. గుండె నిమిషానికి కొద్దిసార్లే కొట్టుకుంటుంది. ఊపిరి ఎప్పుడో ఒకసారి తీసుకుంటుంది. వేసవిలో కూడబెట్టుకున్న కొవ్వు, కాలేయంలోని గ్లైకోజెన్ కొద్దికొద్దిగా ఖర్చవుతాయి.

అన్నీ ఒకేసారి ఆగిపోవు, ఒకే తీరున నెమ్మదించవు కూడా. జీర్ణక్రియ దాదాపు నిలిచిపోతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గుతుంది. కొన్ని బ్యాక్టీరియా మాత్రం చలిలోనూ తమ పని తాము చేసుకుంటూ ఉంటాయి. ప్రమాదమంతా ఈ తేడాలోనే ఉంది.

ఏ తాబేలుకు, ఏ తాబేలుకు కాదు

ముందుగా తేల్చుకోవాల్సింది తాబేలు జాతి. మధ్యధరా ప్రాంతపు హెర్మన్ తాబేలు, తొడల దగ్గర ముల్లులాంటి బుడిపె ఉండే స్పర్ థైడ్ తాబేలు, డిప్ప అంచు వెనక్కి విచ్చుకున్నట్టుండే మార్జినేటెడ్ తాబేలు సహజంగా చలినిద్రకు వెళతాయి. మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి ఇరాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్ వరకు కనిపించే హార్స్‌ఫీల్డ్ తాబేలు కూడా అంతే. 1968 సెప్టెంబరులో సోవియట్ వ్యోమనౌక జోండ్-5లో చంద్రుణ్ణి చుట్టి వచ్చి హిందూ మహాసముద్రంలో దిగిన రెండు తాబేళ్లు ఈ జాతివే. తిండి లేకుండా గడిపిన ఆ ప్రయాణంలో అవి సుమారు పదో వంతు బరువు కోల్పోయి, ప్రాణాలతో తిరిగొచ్చాయి.

భారతీయ నక్షత్ర తాబేలు, ఆఫ్రికాకు చెందిన చిరుత తాబేలు, సల్కాటా, దక్షిణ అమెరికాకు చెందిన ఎర్రకాళ్ల తాబేలు వంటి ఉష్ణమండల జాతులకు చలినిద్ర లేదు. ఈజిప్షియన్ తాబేలు మధ్యధరా తీరానిదే అయినా దాన్నీ చలినిద్రకు పంపకూడదు. ఉత్తరాఫ్రికా నుంచి వచ్చిన కొన్ని స్పర్ థైడ్ ఉపజాతుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. జాతి ఏదో కచ్చితంగా తెలియనప్పుడు తాబేలును మెలకువగా ఉంచడమే క్షేమం.

ఆగస్టులోనే మొదలయ్యే తనిఖీ

చలినిద్రకు సన్నాహం వేసవి చివర్లోనే మొదలవ్వాలి. ఏదైనా జబ్బు బయటపడితే వైద్యం చేయించి, తాబేలు కోలుకోవడానికి అప్పుడే వ్యవధి ఉంటుంది. సరీసృపాల గురించి తెలిసిన పశువైద్యుడికి ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో చూపించడం మంచిది.

కళ్లు తేటగా ఉన్నాయా, ఉబ్బి ఉన్నాయా? ముక్కు కారుతోందా? నోటి లోపల గులాబీ రంగు ఉందా, పసుపు తెట్టెలు కట్టాయా? చెవి ఉండే చోట వాపు ఉందా? తోక దగ్గర పుండ్లు ఉన్నాయా? మలంలో పురుగుల గుడ్లు కనిపిస్తున్నాయా? ఆడ తాబేలైతే కడుపులో గుడ్లు మిగిలి ఉన్నాయా? ఈ ప్రశ్నలన్నింటికీ జవాబు దొరకాలి. మామూలు రోజుల్లో చిన్నదిగా కనిపించే జలుబు, రోగనిరోధక శక్తి అడుగంటిన చలినిద్రలో న్యుమోనియాగా ముదరవచ్చు.

తర్వాత చూడాల్సింది బరువు. బ్రిటిష్ పశువైద్యుడు ఆలిఫెంట్ జాక్సన్ అనేక హెర్మన్, స్పర్ థైడ్ తాబేళ్ల పొడవు, బరువు కొలిచి, ఆరోగ్యంగా ఉన్నవాటికి వాటి మధ్య సంబంధం ఎలా ఉంటుందో 1980లో ఒక గ్రాఫుగా చూపారు. ‘జాక్సన్ నిష్పత్తి’ అనే పేరుతో అది ఇప్పటికీ వాడుకలో ఉంది. పొడవును డిప్ప వంపు వెంట టేపుతో కొలవకూడదు. తాబేలు ముందూ వెనకా రెండు చెక్కలు నిలబెట్టి, వాటి మధ్య దూరాన్ని స్కేలుతో కొలవాలి. ఆ పొడవుకు ఉండాల్సినంత బరువు లేకపోతే నిల్వలు చాలవని అర్థం.

ఈ గ్రాఫు ఆ రెండు జాతులకే వర్తిస్తుంది. మరింత గుండ్రంగా ఉండే హార్స్‌ఫీల్డ్ తాబేలుకో, పొడుగ్గా ఉండే మార్జినేటెడ్ తాబేలుకో దాన్ని వాడితే తప్పు ఫలితం వస్తుంది. బరువు బాగుంది కదా అని నిశ్చింతగానూ ఉండలేం. కడుపులో గుడ్లున్నా, ఒంట్లో నీరు చేరినా, మూత్రాశయంలో రాయి ఉన్నా తూకం పెరుగుతుంది. అందుకే తూకం, వైద్యుడి పరీక్ష రెండూ కావాలి.

బరువు తక్కువగా ఉన్న, జబ్బుపడిన, కొత్తగా కొన్న తాబేలుకు ఆ ఏడాది చలినిద్ర వద్దు. వేడినిచ్చే దీపం, అతినీలలోహిత కిరణాల దీపం కింద రోజుకు 12 నుంచి 14 గంటల వెలుతురులో ఉంచి, తిండి పెడుతూ చలికాలం దాటించవచ్చు. ఒక ఏడాది చలినిద్ర తప్పినంత మాత్రాన తాబేలుకు ముప్పు రాదు.

లంఖణం ఎందుకు

లంఖణం పరమౌషధం అని తెలుగు సామెత. చలినిద్రకు వెళ్లే తాబేలు విషయంలో అది అక్షరాలా నిజం. తాబేలు తిన్న ఆకు దాని పేగుల్లో రోజులు కాదు, వారాల పాటు ప్రయాణిస్తుంది. పీచును అరిగించే పని ఎక్కువగా పేగుల్లోని సూక్ష్మజీవులది. వాటికి వేడి కావాలి. నిండు కడుపుతో తాబేలు చల్లబడితే ఆ ఆకు అరగదు, బయటకూ పోదు. లోపలే కుళ్లుతుంది. వాయువు చేరి కడుపు ఉబ్బితే ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడుతుంది. తాబేలుకు ఊపిరితిత్తులు పైడిప్ప కిందే ఉంటాయి, గట్టి డిప్ప సాగదు కాబట్టి ఉబ్బరానికి చోటుండదు. విషపదార్థాలు రక్తంలో కలిసే ప్రమాదమూ ఉంది.

అందుకే పెట్టెలో పెట్టడానికి కొన్ని వారాల ముందే తిండి ఆపేస్తారు. పిల్ల తాబేళ్లకు వారం పది రోజులు, కిలో లోపు వాటికి రెండు మూడు వారాలు, అంతకంటే పెద్దవాటికి నాలుగు వారాల వరకు అవసరం కావచ్చు. కచ్చితమైన గడువును తాబేలు పరిమాణం చూసి వైద్యుడు చెబుతాడు. ఎంత పెద్ద తాబేలైతే పేగు అంత పొడవు, ఖాళీ కావడానికి అంత సమయం.

చాలామంది పొరపడేది ఇక్కడే. తిండి ఆపిన రోజు నుంచే చల్లబరచడం మొదలుపెడతారు. అలా చేస్తే పేగు సగంలోనే ఆగిపోతుంది. లంఖణం తొలి రోజుల్లో తాబేలును దీపం కింద వెచ్చగానే ఉంచాలి. పేగు పని చేస్తూ ఉంటేనే ఖాళీ అవుతుంది. చల్లబరచడం చివరి వారం పది రోజుల్లో జరగాలి.

నీళ్లు ఆపకూడదు

తిండి ఆపినా నీళ్లు ఆపకూడదు. పైగా పెంచాలి. లంఖణం జరిగినన్ని రోజులూ తాబేలును రోజూ 20 నిమిషాల పాటు గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. కింది డిప్పకు కాస్త పైదాకా నీళ్లుంటే చాలు, తల ఎప్పుడూ పైనే ఉండాలి. అందులో కూర్చుని తాబేలు నీళ్లు తాగుతుంది, మలమూత్రాలు విడుస్తుంది, మూత్రాశయాన్ని మళ్లీ నింపుకుంటుంది.

తాబేలుకు మూత్రాశయం నీళ్ల ట్యాంకు లాంటిది. అవసరమైనప్పుడు అందులోని నీటిని శరీరం తిరిగి పీల్చుకుంటుంది. నత్రజని వ్యర్థాలను యూరిక్ ఆమ్లం రూపంలో తెల్లని ముద్దలా మార్చి అక్కడే పక్కన పెట్టుకుంటుంది కూడా. ఊపిరి ద్వారా పోయే తేమను చలినిద్ర సాగినంత కాలం ఈ నిల్వే భర్తీ చేస్తుంది. ట్యాంకు సగమే నిండితే మధ్యలోనే నీటి కొరత వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చలినిద్రలో మరణించే తాబేళ్లకు ఆకలి కంటే నీటి కొరతే పెద్ద శత్రువు.

అంచెలంచెలుగా చల్లబరచడం

కడుపు ఖాళీ అయ్యాక దీపం వెలిగే గంటలను రోజురోజుకూ తగ్గించాలి. చుట్టూ ఉన్న ఉష్ణోగ్రతను ముందు 20 డిగ్రీలకు, తర్వాత 15కు, ఆపైన 10కి దించుతారు. ఇలా వారం పది రోజులు గడిచేసరికి తాబేలు కదలికలు దాదాపు ఆగిపోతాయి. చివరి స్నానం తర్వాత ఒళ్లంతా తడి ఆరేలా తుడిచి, బరువు తూచి, తేదీతో సహా రాసిపెట్టుకుని, అప్పుడు పెట్టెలో ఉంచాలి.

చలినిద్రకు సరైన ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్. 3కు తగ్గకుండా, 7కు మించకుండా ఉంటే మంచిది. సున్నా కంటే కిందికి పోతే శరీరంలోని నీరు గడ్డకడుతుంది. ముందుగా దెబ్బతినేవి కళ్లు. మంచు బారిన పడి బతికిన తాబేళ్లు చూపు కోల్పోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. 10 డిగ్రీలు దాటితే మరో రకం ముప్పు. తాబేలు పూర్తిగా మేలుకోదు, పూర్తిగా నిద్రపోదు. జీవక్రియ వేగం పెరుగుతుంది, తినే శక్తి మాత్రం రాదు. కూడబెట్టుకున్న నిల్వలు వృథాగా కరిగిపోతాయి. గడ్డకట్టే చలి ఒక్క రాత్రిలో చంపితే, ఈ నడిమి వేడి వారాల తరబడి కొంచెం కొంచెంగా చంపుతుంది.

పెట్టెలోనా, ఫ్రిజ్‌లోనా

పాత పద్ధతి పెట్టెలో పెట్టె. లోపలి పెట్టెలో తాబేలు అటూ ఇటూ తిరగగలిగేంత చోటుండాలి, నడిచేంత ఉండకూడదు. అందులో కాగితపు ముక్కలో, పొడిబారని మట్టో నింపుతారు. గడ్డి మంచిది కాదు. దానిలో బూజు పెరుగుతుంది, కొసలు కళ్లకు గుచ్చుకుంటాయి. బయటి పెట్టెకు, లోపలి పెట్టెకు మధ్య థర్మాకోల్ పెడతారు. రెండింటికీ గాలి రంధ్రాలుండాలి. ఎలుకలు చొరబడకుండా వాటికి ఇనుప జాలీ బిగించాలి. కదలలేని తాబేలు కాళ్లను ఎలుకలు కొరికేయడం అరుదేమీ కాదు.

థర్మాకోల్ వేడిని పుట్టించదు. బయటి మార్పు లోపలికి చేరడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. అటకల మీద, షెడ్డుల్లో పగటికీ రాత్రికీ, వారానికీ వారానికీ ఉష్ణోగ్రత మారుతూ ఉంటుంది. నాలుగు రోజులు వరసగా మంచు కురిసినా, జనవరిలో అనుకోకుండా ఎండ కాసినా పెట్టె తట్టుకోలేదు.

అందుకే ఇప్పుడు చాలామంది పెంపకందార్లు, వైద్యులు ఫ్రిజ్‌నే మేలంటున్నారు. వినడానికి వింతగా ఉన్నా, బయట వాతావరణం ఎలా మారినా లోపల 5 డిగ్రీలు నిలబెట్టగలిగేది అదే. దీనికి విడిగా ఒక ఫ్రిజ్ ఉండాలి. ఇంట్లో కూరగాయలు పెట్టుకునేది పనికిరాదు. దాన్ని తెరవడం మూయడం ఎక్కువ, పైగా తాబేళ్ల నుంచి మనుషులకు సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకవచ్చు.

తాబేలును పెట్టడానికి రెండు మూడు వారాల ముందే ఫ్రిజ్‌ను నడిపి చూడాలి. తీగ చివర సెన్సర్ ఉండి, అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలను గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరును తాబేలు ఉండే అరలోనే ఉంచాలి. ఫ్రిజ్ మీద కనిపించే అంకెను నమ్మకూడదు. నీళ్ల సీసాలు కొన్ని లోపల పెడితే తలుపు తెరిచినప్పుడు, కరెంటు పోయినప్పుడు ఉష్ణోగ్రత చప్పున మారదు. వెనక గోడ అన్నిటికంటే చల్లగా ఉంటుంది కాబట్టి తాబేలు పెట్టె దాన్ని తాకకూడదు. గాలి మారడం కోసం రోజూ ఒకసారి తలుపు తెరిచి, రెండు మూడు నిమిషాలు ఆగి మూయాలి.

చలినిద్రలో లెక్క

నిద్రలో ఉన్న తాబేలును ముట్టుకోకూడదన్న నమ్మకం పాతది. నెమ్మదిగా తీసి, తూచి, తిరిగి పెడితే దానికి ఏ హానీ లేదు. వారానికోసారి తూకం వేయడమే దాని క్షేమం తెలుసుకునే మార్గం. ఆరోగ్యంగా ఉన్న తాబేలు నెలకు సుమారు 1 శాతం బరువు తగ్గుతుంది. 1,200 గ్రాముల తాబేలు నెలకు 12 గ్రాములు, మూడు నెలలకు 36 గ్రాములు తగ్గితే అంతా సవ్యంగా ఉన్నట్టే. తగ్గుదల అంతకంటే వేగంగా ఉంటే నీరు పోతోందని అనుమానించాలి. మొత్తం తగ్గుదల 10 శాతానికి, అంటే ఈ తాబేలు విషయంలో 120 గ్రాములకు చేరేదాకా ఆగకుండా ముందే లేపాలి.

కాగితాలు తడిసి కనిపిస్తే తూకంతో పనిలేదు. తాబేలు మూత్రం విడిచిందంటే నీళ్ల ట్యాంకు ఖాళీ అయినట్టే. అదే రోజు లేపి, వెచ్చని నీళ్లలో ఉంచాలి. ముక్కు, కళ్లు కారుతున్నా, కింది డిప్ప మీద ఎర్రని మచ్చలు కనిపించినా కూడా లేపి వైద్యుడికి చూపించాలి. ఒకసారి లేపిన తాబేలును ఆ ఏడాది మళ్లీ చలినిద్రకు పంపకూడదు.

తొలిసారి చలినిద్రకు వెళ్లే చిన్న తాబేలుకు మూడు నాలుగు వారాలు చాలు. పెద్దవాటికి 8 నుంచి 12 వారాలు సరిపోతాయి. వసంతం దాకా ఆగాల్సిన పని లేదు. నవంబరులో పెట్టిన తాబేలును ఫిబ్రవరిలో లేపి, బయట ఎండ వచ్చేదాకా ఇంట్లో దీపం కింద ఉంచవచ్చు.

మేలుకొలుపు

లేపడమూ చలినిద్రలో భాగమే. పెట్టెను మామూలు గదిలోకి తెచ్చి, కొన్ని గంటల తర్వాత తాబేలు కదలడం మొదలుపెట్టాక గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, తర్వాత దీపం కిందికి మార్చాలి. మేలుకునే వేళ కాలేయంలో మిగిలిన గ్లైకోజెన్ చక్కెరగా మారి రక్తంలోకి విడుదలవుతుంది. నడవడానికి, నీళ్లు వెతుక్కోవడానికి కావాల్సిన శక్తి అదే. ఆ కొద్ది రోజుల్లో తాబేలు వెచ్చబడి, తాగి, మూత్రం ద్వారా వ్యర్థాలు వదిలించుకుంటే ఆకలి దానంతటదే పుడుతుంది. చల్లని గదిలో వదిలేస్తే ఆ చక్కెర కాస్తా ఖర్చయిపోతుంది, వ్యర్థాలు రక్తంలో పేరుకుంటాయి, తాబేలు తిండి ముట్టదు. లేచిన రోజే నీళ్లు తాగాలి. వారం రోజుల్లో తినడం మొదలుపెట్టాలి. పెట్టకపోతే ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. తెల్ల రక్తకణాలు బాగా తగ్గి ఉండే ఈ సమయంలోనే నోటి పుండ్లు, న్యుమోనియా దాడి చేస్తాయి.

మన నక్షత్ర తాబేలు సంగతి

శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం ఆలయ ప్రాంగణంలో సంరక్షిస్తున్న నక్షత్ర తాబేళ్లను తెలుగువారిలో చాలామంది చూసే ఉంటారు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటకల్లోని పొదల నేలల్లోనూ, గుజరాత్, రాజస్థాన్‌లలోనూ, పాకిస్తాన్, శ్రీలంకల్లోనూ ఈ జాతి కనిపిస్తుంది. వీటి జీవితం రుతుపవనాలతో ముడిపడింది. తొలకరి పడితే చురుగ్గా తిరుగుతాయి, మేస్తాయి, జత కడతాయి. ఎండలు ముదిరినా, బాగా చలి వేసినా పొదల కింద ముడుచుకుంటాయి. అది కొద్దికాలపు మందగమనమే తప్ప నెలల తరబడి సాగే చలినిద్ర కాదు. నక్షత్ర తాబేలును 5 డిగ్రీల దగ్గర ఉంచితే దాని శరీరం తట్టుకోలేదు, ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోతుంది.

నీళ్లలో ఉండే మన చెరువు తాబేళ్లలో ఫ్లాప్‌షెల్ జాతిది మరో దారి. చెరువు ఎండిపోతే బురదలో కూరుకుని మళ్లీ వాన పడేదాకా కదలకుండా గడుపుతుంది. దీన్ని గ్రీష్మకాల సుప్తావస్థ అంటారు. కారణం ఒకచోట చలి, మరోచోట కరవు. రెండుచోట్లా చేసేది ఉన్న నిల్వను పొదుపుగా వాడుకోవడమే.

నక్షత్ర తాబేలును భారతదేశంలో ఇంట్లో పెంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని నిషేధిస్తోంది. 2019లో అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ ఈ జాతిని మొదటి అనుబంధంలో చేర్చి, అడవి నుంచి పట్టినవాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని మూసివేసింది. అయినా దొంగచాటు రవాణా సాగుతూనే ఉంది. అలా చలి దేశాలకు చేరిన నక్షత్ర తాబేలును, తాబేలంటే చలినిద్ర పోవాల్సిందేనన్న నమ్మకంతో పెట్టెలో పెడితే అది ఇక లేవదు. బ్రిటన్‌లోనో అమెరికాలోనో స్థిరపడి పిల్లల కోసం తాబేలు కొనే తెలుగు కుటుంబాలు అది ఏ జాతిదో, దానికి ఏ పత్రాలు ఉండాలో కొనకముందే తెలుసుకోవాలి.

హెర్మన్, హార్స్‌ఫీల్డ్ తాబేళ్లు యాభై ఏళ్లకు పైగా బతకగలవు. అంటే పెంచేవాళ్లు యాభై చలికాలాలు ఈ పనంతా చేయాలి, తర్వాత మరొకరికి అప్పగించాలి. బరువులు, తేదీలు, ఉష్ణోగ్రతలు రాసిన పుస్తకాన్ని కూడా తాబేలుతో పాటే ఇవ్వాలి. ఏ ఏడాది ఎంత తగ్గింది, ఎన్ని రోజులకు తిన్నది అన్న వివరాలు చూస్తే వచ్చే అక్టోబరులో దాన్ని నిద్రకు పంపవచ్చో లేదో ముందే అంచనా వేయవచ్చు.